నేల తడవని లీకేజీ

నవంబర్ 5, మంగళవారం

నీళ్ళు లీటరున్నర పోశాను. ముప్పై ఎనిమిది కిలోమీటర్లు తిరిగాను.

ఈ నోటుబుక్కు నాగేందర్ ఇచ్చాడు. బోధన్‌లో నా కారు చూసే మెకానిక్ అతనే. రోజూ ఎన్ని నీళ్ళు పోస్తున్నానో, ఎంత దూరం తిరుగుతున్నానో రాయమన్నాడు. "నోటితోని చెప్తే నాకు సమజ్ కాదు కాకా. రాసిపెట్టు, సూసి చెప్త" అన్నాడు. సరే, రాస్తాను. ఫ్యాక్టరీలో చెరుకు ఆఫీసరు జీపు నడిపినన్నాళ్ళు ట్రిప్పు పుస్తకం నేనే రాశాను. రాత్రిబడిలో నేర్చుకున్న అక్షరాలు. తప్పులుంటే ఉంటాయి. చదివేది నేనే కదా. నాగేందర్ నీళ్ళ వరకే చదువుతాడు.

సంగతి ఏమిటంటే, దసరా తర్వాత నుంచి రేడియేటరులో నీళ్ళు నిలవడం లేదు. కారు కింద నేల పొడిగా ఉంటుంది. గొట్టాలు పొడిగా ఉంటాయి. నీళ్ళు మాత్రం ఉండవు. పంతొమ్మిదేళ్ళ కారు. ఒక్కనాడూ నడిరోడ్డు మీద నా పరువు తీయలేదు.

లింబయ్యకు మంగళవారం, శుక్రవారం నిజామాబాద్‌లో డయాలిసిస్. ఏడాదిన్నర నుంచి నేనే తీసుకుపోతున్నాను. ఎడపల్లిలో అయిదున్నరకు బయలుదేరితే ఆరున్నరకు అతన్ని మిషను మీద పడుకోబెడతారు. నాలుగు గంటలు. నేను బయట కూర్చుంటాను. ఫ్యాక్టరీలో ఇద్దరం ఒకే ఏడాది చేరాము. అతను బాయిలరు దగ్గర ఫిట్టరు, నేను జీపు మీద. మా సందులో కారు పట్టదు కాబట్టి రోజూ అతని వాకిట్లోనే పెడతాను.

వెనక బండ్లు చూసే ఎడమ అద్దం దసరా ముందు పగిలింది. నాగేందర్ ఇంకా కొత్తది తేలేదు.

నవంబర్ 8, శుక్రవారం

నీళ్ళు రెండు లీటర్లు.

పొద్దున మూత తీసి చూస్తే అడుగున కూడా లేవు. బిందెడు నీళ్ళు తెచ్చి పోస్తుంటే లింబయ్య గొంగడి కప్పుకొని గడప మీద కూర్చొని చూస్తున్నాడు.

"రామస్వామీ, నాకేమో రోజుకు లీటరుకు మించి తాగొద్దన్నరు. నీ బండి గటగట తాగుతుంది. దీన్ని గుడ మిషిను మీద పండవెడుదమా?"

"ముందు నువ్వు లేచి ఎక్కు. మంచు వడ్తుంది."

"మంచేడిది? మొత్తం సాఫ్ ఉన్నది."

మంచు ఉంది. తెల్లవారాక కూడా దీపాలు వేసుకొనే నడిపాను. దారిలో లింబయ్య ఏదో అన్నాడు. కిటికీ గాలికి వినపడలేదు.

నవంబర్ 9, శనివారం

ఏమీ తగ్గలేదు.

నవంబర్ 10, ఆదివారం

ఏమీ తగ్గలేదు. బండి తీయలేదు.

నవంబర్ 11, సోమవారం

బోధన్ పోయి వచ్చాను. ఏమీ తగ్గలేదు. నాగేందర్ కొత్త మూత బిగించాడు. అదే మందు. మూతతో పోయేదానికి నెల రోజులు సతాయించింది.

నవంబర్ 12, మంగళవారం

పొద్దున చూస్తే మూడు లీటర్లు తక్కువ.

మూత కాదు.

నవంబర్ 13, బుధవారం

రోజంతా నాగేందర్ షెడ్డులోనే. రేడియేటరుకు పంపు బిగించి గాలి కొట్టాడు. లీకేజీ ఉంటే ముల్లు పడిపోతుందట. అరగంట చూశాము. పడలేదు. ఇంజను నూనె తీసి వేలికి రాసి చూశాడు, నీళ్ళు కలవలేదు. పొగ గొట్టం దగ్గర చెయ్యి పెట్టి వాసన చూశాడు. చివరికి నీళ్ళకు బదులు ఆకుపచ్చ కూలెంటు నిండా పోసి చేతులు తుడుచుకున్నాడు.

"లీకేజీ లేదు కాకా."

"లేకుంటే నీళ్ళు నువ్వు తాగినవా?"

"నా మీద ఎందుకు లేస్తవ్? బండిల తప్పు లేదంటున్న."

"తప్పు లేకుంటే నా చేతిల బిందె ఎందుకున్నది?"

ఈ నాగేందర్‌కు పద్దెనిమిదేళ్ళ వయసులో మొదటి గేరు వేయడం నేర్పింది నేను. ఫ్యాక్టరీ వెనక మైదానంలో నేర్పాను. ఇప్పుడు పంపు పెట్టి నాకే పాఠం చెబుతున్నాడు.

సాయంత్రం నా భార్య చంద్రవ్వ అన్నం పెడుతూ రైసు మిల్లు దగ్గర కంటి డాక్టర్లు వచ్చారని మొదలుపెట్టింది. "పైసల్లేకుంట ఊకెనే సూస్తరట. పోయి రారాదు" అంది. బియ్యంలో రాళ్ళు ఆమెకు కనపడవు, నిన్న రెండు నా పంటి కింద పడ్డాయి. కంటి డాక్టరు మాత్రం నాకు కావాలట.

ఈ నోటుబుక్కులో గీతలు మరీ సన్నగా వేశారు. రేపటి నుంచి రెండు గీతలకు ఒక వరుస రాస్తాను.

నవంబర్ 15, శుక్రవారం

పొద్దున నాలుగు లీటర్లు పట్టింది. నాగేందర్ పోసిన ఆకుపచ్చ కూలెంటు చుక్క కూడా లేదు. నేల పొడిగా ఉంది.

ఇవాళ పరువు పోయింది.

జానకంపేట దాటుతుంటే ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత మీదికి వచ్చింది. తర్వాత బానెట్ సందుల్లో నుంచి పొగ. పక్కకు ఆపాను. కాలిన రేడియేటరు మూత తీయకూడదు, తీస్తే ముఖం కాలుతుంది. చల్లారే దాకా ఆగాలి. లింబయ్య మోరీ గోడ మీద కూర్చున్నాడు. మూడు రోజుల నీరు ఒంట్లో ఉంది. ముఖం ఉబ్బి ఉంది. మాట మాటకు ఊపిరి తీసుకుంటున్నాడు. చెరుకు ట్రాక్టర్లు పోతున్నాయి. ఒకడు తల బయటపెట్టి "ఓ పెద్దమనిషీ, గడ్డివాము కాలుతున్నదా?" అని నవ్వాడు. నేను రాయి తీసుకున్నాను. దొరకలేదు వాడు.

గంట పోయింది. మేము చేరేసరికి లింబయ్య మిషను మీద ఎవరో ఆడమనిషి పడుకొని ఉంది. పదకొండు దాకా బల్ల మీద కూర్చోబెట్టారు. గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అంత నీరు ఒంట్లో పెట్టుకొని ఇంకో రోజు గడిస్తే ఏమవుతుందో నర్సమ్మ నాకు చెప్పింది. నాకు ఎందుకు చెప్పాలి. కారుకు చెప్పాలి.

తిరిగి వచ్చేటప్పుడు అన్నాడు. "ఇగ ఆటో మాట్లాడుకుంట రామస్వామీ. నీ బండికి పానం బాగలేదు."

"నా బండి ఉండంగ నువ్వు ఆటో ఎక్కుతే ఊళ్ళె నా ఇజ్జత్ ఏం గావాలె?"

"గదే గదా నా పరేషానీ" అన్నాడు.

అతని పరేషానీ ఏమిటో అర్థం కాలేదు. పరువు పోయేది నాది.

నవంబర్ 16, శనివారం

నాగేందర్‌తో తెగింది. రాసి పెడుతున్నాను.

ముందు చెప్పింది బాగానే చెప్పాడు. ఖాళీ రేడియేటరులో ఒక్కసారే నీళ్ళు గుమ్మరిస్తే లోపల గాలి చిక్కుకుంటుందట, నీళ్ళు తిరగవట, అందుకే మరిగిందట. బానెట్ తీసి గాలి వదిలాడు. తర్వాత నోటుబుక్కు అడిగాడు. నీళ్ళ వరుసలు చూపించాను. వేలు పెట్టుకొని చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

"కాకా, ఈ నీళ్ళకు వారాలు తెలుస్తయా?"

"అంటే?"

"శనివారం పోవు, ఆదివారం పోవు, సోమవారం బోధన్ దాక వచ్చినా పోవు. మంగళవారం తెల్లారంగ పోతయి. మల్ల శుక్రవారం తెల్లారంగ పోతయి."

"గా రెండు దినాలే గదా దూరం పోయేది."

"పోకముందే ఖాళీ అయితున్నయి కాకా."

తర్వాత డబ్బాలో పానాలు సర్దుకున్నాడు. నా ముఖం చూడకుండా అన్నాడు, "కొన్ని దినాలు బండి పక్కకు వెట్టు."

నాకు మండింది. లీకేజీ పట్టుకోవడం చేతకాక బండి పక్కకు పెట్టమంటాడా? తుక్కు కింద కొందామని చూస్తున్నాడు. పదిమంది ముందు దొంగ అన్నాను. "నీ చేతులు నా బండి మీద పడొద్దు" అన్నాను. అతను పలకలేదు. దొంగ కాకపోతే పలికేవాడు.

నవంబర్ 17, ఆదివారం

బాగా ఆలోచించాను. ఎవరో నీళ్ళు తీస్తున్నారు. నాగేందర్ ఎవరినో పెట్టి తీయిస్తున్నాడు. లేకపోతే వారాలు అతనికెట్లా తెలుసు?

లింబయ్యకు చెప్పాను. "నీ వాకిట్ల బండి. నువ్వు నిద్ర వట్టక కూసుంటనే ఉంటవ్. జర నజర్ వెట్టు."

"సూస్త" అన్నాడు.

"ఎవడన్న బానెట్ కాడికి వస్తే కర్రతో కొట్టు."

"కొడ్త తీయ్" అన్నాడు. తల ఎత్తలేదు. మొన్నటి అలసట ఇంకా పోలేదు పాపం.

మా ఇంట్లో బట్టలు నానబెట్టే నీలం టబ్బు కనపడటం లేదు. అడిగితే, సవిత బీడీల ఆకు తడపడానికి పట్టుకుపోయిందని చంద్రవ్వ చెప్పింది. సవిత లింబయ్య కూతురు.

నవంబర్ 18, సోమవారం

ఒకవేళ లీకేజీయే అయితే దానికీ మందు వేశాను. పసుపు.

జీపు రోజుల్లో రేడియేటరుకు చిల్లు పడితే గుప్పెడు పసుపు వేసేవాళ్ళం. వేడికి ఉబ్బి చిల్లు దగ్గర అట్ట కడుతుంది. పొలాల మధ్యలో ఆఫీసరును పెట్టుకొని ఎన్నిసార్లు గట్టెక్కానో. ఈ కార్ల గొట్టాలు వెంట్రుకంత సన్నగా ఉంటాయి, పసుపు వేయొద్దని నాగేందర్ ఎప్పుడో చెప్పాడు. అతని మాట ఎవరు వినాలి ఇప్పుడు? చంద్రవ్వ దంచిన పసుపు మూడు గుప్పిళ్ళు వేసి, బాగా కలవాలని బోధన్ దాకా పోయి వచ్చాను. ఏడుంబావుకు లింబయ్య వాకిట్లో పెట్టాను. నిండా ఉంది. కాపలా ఉంది. రేపు చూస్తాను.

నవంబర్ 19, మంగళవారం

పొద్దున ఖాళీ. నీళ్ళు పోసుకొని, గాలి వదిలి, నెమ్మదిగా పోయాము. ముల్లు ఎక్కింది గాని ఎర్రగీత దాటలేదు. వేళకు చేర్చాను. అంతవరకు బాగానే ఉంది.

లింబయ్యను పడుకోబెట్టి చొక్కా చేయి పైకి మడిచారు. సూదులు గుచ్చే ఎడమ చెయ్యి. నేను తలుపు దగ్గర అతని చెప్పులు పట్టుకొని నిలబడ్డాను. నర్సమ్మ కోప్పడింది.

"పెద్దాయనా, ఈ చేతికి పసుపు పుయ్యొద్దని ఎన్నిసార్లు చెప్పాలె? పుండయితే మీరు చస్తరు, మాట నాకు వస్తది."

"పుయ్యలే బిడ్డా. అంటుకున్నది."

ముంజేతి నుంచి వేళ్ళ దాకా పసుపు. గోళ్ళలో నల్లటి మడ్డి. ఆ మడ్డి నాకు తెలుసు. రేడియేటరు అడుగున నీళ్ళు వదిలే బిరడా ఉంటుంది, దాని చుట్టూ ఉండే మడ్డి అది. వేలు పెట్టి తిప్పితే గాని అంటదు.

నర్సమ్మ దూదితో తుడిచింది. పోలేదు. చంద్రవ్వ పసుపు అంత తొందరగా పోదు.

అతను నన్ను చూశాడు. నేను చెప్పులు అక్కడే పెట్టి బయటికి వచ్చాను.

నాలుగు గంటలు బయట కూర్చున్నాను. ఎంత తిరగేసినా అర్థం కాలేదు. కాపలా పెట్టింది అతన్నే.

తిరిగి వచ్చేటప్పుడు జానకంపేట రైల్వే గేటు పడి ఉంది. రైలు రావాలి. ముందు రెండు బండ్లు, వెనక ట్రాక్టరు. ఇంజను ఆపి అడిగాను.

"చేతికి పసుపు ఏడిది?"

కిటికీ వైపు తిరిగాడు. తర్వాత, "నీళ్ళు పచ్చగ వస్తే నేనే భయపడ్డ. బండికి కామెర్లయినయ్ అనుకున్న" అన్నాడు.

నేను నవ్వలేదు.

"ఎందుకు తీసినవ్?"

"నువ్వు ఆపుతలేవు గనక."

"నేనెందుకు ఆపాలె?"

"నీకు కనవడ్తలేదు రామస్వామీ."

"ఎవడన్నడు?"

"ఒకడు అనుడెందుకు? పక్క సీట్ల కూసునేటోన్ని. దసరా ముందు సారంగపూర్ కాడ ఓ పిల్ల పాలక్యాను పట్టుకొని పక్కకు నిలవడ్డది. పక్కకు. రోడ్డు మీద గాదు. నీ అద్దం ఆమె మోచేతికి కొట్టింది. నువ్వు దిగలే. నేనే వెనక్కి పోయి రుమాలు కట్టి వచ్చిన. ఏమైందని గుడ నువ్వు అడగలే."

అడగలేదు. అద్దం పగిలిన చప్పుడు విన్నాను. ఏమీ కాలేదనుకున్నాను. ఏమీ కాలేదనే అనుకున్నాను.

"నాకు చెప్పొద్దా మరి?"

"మూడు మాట్ల చెప్పిన. ఒకపారి రేడియో పెంచినవ్. ఒకపారి మంచున్నదన్నవ్. ఇంకొకపారి, ఇష్టం లేకుంటే దిగి నడువు అన్నవ్."

అది నవ్వులాటకు అన్నాను.

"ఆటో ఎక్కుత అంటే నీ ఇజ్జత్ పోతది. లింబయ్య ఎందుకు దిగిండు అని ఊరు అడుగుతది. అడిగితే ఏం చెప్పాలె? బండి ఖరాబైందంటే నీకేం కాదు. అందుకని తప్పు బండి మీదికి దొబ్బిన. రెండు దినాలు నీళ్ళు లేకుంటే ఇడిచిపెడ్తవనుకున్న. నువ్వు బిందె తెచ్చుకున్నవ్."

"బాయిలరు హౌసుల ముప్పై ఏండ్లు చేసినవ్ గదరా. నీళ్ళు లేకుంటే ఏమైతదో నాకన్న నీకే ఎక్కువ తెలుసు. బాయిలరుల నీళ్ళు తీసినోన్ని మనిషి అంటరా?"

చేతులు చూసుకున్నాడు.

"గది తప్పే" అన్నాడు. "మొన్న మోరీ మీద కూసున్నప్పుడు గదే అనుకున్న. కిడ్నీలతోని పోతా అంటే నేను తయారే. నీ చేతుల పోతే మాత్రం నువ్వు బతకవు. గందుకే తీసిన."

రైలు పోయింది. గేటు లేచింది. వెనక ట్రాక్టరు వాడు హారను కొడుతున్నాడు. ఇంటి దాకా నేనే నడిపాను. ఒక్క గుంతలో పడలేదు.

నవంబర్ 20, బుధవారం

కారు మీద నింద వేశాడట. నా మంచికట.

నవంబర్ 21, గురువారం

పొద్దున కారు తీసి సందు చివర, పంచాయతీ గోడకు పెట్టాను. అక్కడ ఎండ పడుతుంది. పడనీ.

చంద్రవ్వను అడిగాను. పొయ్యి దగ్గర ఉంది.

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటిసంది?"

"మొదటిసంది."

"నాగేందర్‌కు?"

"నీ పుస్తకం సదివినంక అనుమానమొచ్చి ఆయనే వచ్చి అడిగిండు. చెప్పిన."

"టబ్బు?"

రొట్టె తిప్పింది. "కింద నేల తడిస్తే నీకు తెలుస్తదని నేనే ఇచ్చిన."

నలభై మూడేళ్ళ కాపురం. నా ఇంట్లో కూర్చొని, నా టబ్బు ఇచ్చి, నా పొయ్యి మీద చాయ కాచుకొని తాగుతూ మాట్లాడుకున్నారు. నేను అప్పుడు బోధన్‌లో రబ్బరు గొట్టం కోసం ఎండలో తిరుగుతున్నాను. నాగేందర్ శనివారం నాడే తన అనుమానం చెప్పి ఉంటే? చెప్పలేదు. దొంగ అని తిట్టించుకున్నాడు గాని చెప్పలేదు.

ముగ్గురూ మంచివాళ్ళే. నాకే తెలియకూడదు.

రొట్టె తినలేదు.

నవంబర్ 22, శుక్రవారం

లింబయ్య ఆటోలో పోయాడు. నేను చూడలేదు. చప్పుడు విన్నాను. సైలెన్సరు పగిలిన ఆటో.

నవంబర్ 24, ఆదివారం

బస్టాండు దగ్గర నిలబడ్డాను. ఎవరి కోసమూ కాదు. వచ్చే బస్సుల బోర్డులు చదువుదామని.

మొదటిది బోధన్ బస్సు. దగ్గరికి వచ్చాక చదివాను. రెండో దాని బోర్డు మీద దుమ్ము ఉంది. మూడోది నిజామాబాద్ అనుకున్నాను, ఎక్కేవాళ్ళు బాన్సువాడ అంటున్నారు. ఈ మధ్య అక్షరాలు సన్నగా రాయిస్తున్నారు. నాలుగోది చూడలేదు. ఎండ ఎక్కువైంది.

నవంబర్ 26, మంగళవారం

సాయంత్రం సవిత వచ్చింది. చేతుల నిండా బీడీ ఆకు వాసన. గుమ్మంలోనే నిలబడింది.

"పెద్దబాపూ, బాపు ఇయ్యాల ఆటోల వడిపోయిండు. మిషిను మీదికెల్లి లేచినంక బీపీ తగ్గుతది, మీకు ఎరుకే. రెండు దిక్కులా గాలి. ఒళ్ళంత వణుకుతున్నది. సీట్లకెల్లి జారిండు. నేను పట్టుకోకుంటే రోడ్డు మీద వడేటోడు."

నేను నోటుబుక్కు మూశాను.

"మీ బండి ఇయ్యుండ్రి. నాగేందరన్న వారంల రెండు దినాలు తోల్తా అన్నడు."

"నేను లేనా?"

ఆమె చంద్రవ్వ వైపు చూసింది. చంద్రవ్వ నేల వైపు చూసింది.

"బండి గావాలె పెద్దబాపూ. మీరు వద్దు."

నన్ను వద్దని మొదటిసారి ఒకరు నా ముఖం మీదే చెప్పారు. నలభై ఏళ్ళ పిల్ల. తండ్రికి లేని ధైర్యం.

"నా బండి ఎవరికీ ఇయ్య. పో" అన్నాను.

పోయింది. ఏడవలేదు. ఏడిస్తే ఇంకో మాట అనేవాణ్ణి.

నవంబర్ 27, బుధవారం

మిషను మీద నుంచి లేచాక అతని చేతులు ఐసులా ఉంటాయి. వెనక సీట్లో గొంగడి పెట్టేవాణ్ణి. కిటికీలు నాలుగూ మూసేవాణ్ణి, ఎండాకాలంలో కూడా. నేను చెమటతో నడిపేవాణ్ణి.

ఆటోకు కిటికీలు ఎక్కడివి?

నవంబర్ 28, గురువారం

కారు తీసుకొని నాగేందర్ షెడ్డుకు పోయాను. రెండో గేరులోనే, ఎడమ పక్క ఆనుకొని పోయాను. మధ్యలో రెండుసార్లు ఆగి చల్లార్చాను. పసుపు గొట్టాల నిండా అట్ట కట్టింది.

అతను రేడియేటరు ఊడదీసి, పైపు పెట్టి వెనక నుంచి నీళ్ళు కొట్టాడు. గంటసేపు పచ్చటి బురద వచ్చింది. షెడ్డు ముందంతా పెళ్ళిపందిరి వాకిలిలా అయింది. దారిన పోయే మరాఠీ ఆమె ఒకతి నిలబడి చూసి నవ్వుకుంటూ పోయింది.

"మూడు గుప్పిళ్ళా కాకా?"

"మూడే."

"కూర వండుదమనుకున్నవా?"

నేను దొంగ అన్న మాట వెనక్కి తీసుకోలేదు. అతను అడగలేదు. కొత్త కూలెంటు పోసి, గాలి వదిలి, ఇంజను నడిపించి పెట్టాడు. అరగంట ముల్లు సగం దగ్గరే నిలబడింది. కారులో ఏ తప్పూ లేదు. మొదటి నుంచి లేదు.

"రేపు అయిదున్నరకు లింబయ్య ఇంటి కాడికి రా" అన్నాను.

"ఎవరు తోలుతరు కాకా?"

వంగి గొట్టం చూస్తున్నట్టు చూశాను.

"రా అన్న గదా" అన్నాను.

నవంబర్ 29, శుక్రవారం

అయిదుకే పోయి కారు తుడిచాను. స్టీరింగు ముందు కూర్చున్నాను. ఇంజను వేడి చేసి పెట్టాను.

నాగేందర్ వచ్చి నా తలుపు పక్కన నిలబడ్డాడు. సవిత తండ్రిని పట్టుకొని తెచ్చింది. ఎప్పుడూ ముందు కూర్చునేవాడు, ఇవాళ వెనక కూర్చున్నాడు. సవిత గొంగడి కప్పి లోపలికి పోయింది. దిగమని ఎవరూ అనలేదు. అంటే దిగేవాణ్ణి కాదు. అయిదు నలభై అయింది. ఆరున్నరకు లేకపోతే మిషను ఇంకొకరికి ఇస్తారు.

దిగాను. కారు చుట్టూ తిరిగి అటు పక్క తలుపు దగ్గరికి పోవాలి. పంతొమ్మిదేళ్ళలో ఆ సీట్లో కూర్చోలేదు. కాళ్ళ దగ్గర తొక్కడానికి ఏమీ లేదు.

నాగేందర్ గేరు ఆలస్యంగా మారుస్తాడు. చెప్పాను. క్లచ్చు మీద కాలు పెట్టుకొనే ఉంటాడు. అది కూడా చెప్పాను. "సరే కాకా" అన్నాడు. లింబయ్య వెనక దగ్గాడు. నేను అతనితో మాట్లాడలేదు. మాట్లాడను. నీళ్ళు తీసిన సంగతి వేరు, మిగతా వేరు, ఇంకా దేని సంగతీ తేలలేదు.

జానకంపేట దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. తెల్లగా ఉంది. నాగేందర్ ఒక్కసారిగా బ్రేకు తొక్కాడు. నా తల అద్దానికి తగలబోయింది.

"ఖాళీ రోడ్ల బ్రేకు ఎందుకు తొక్కినవ్?"

"ముందట చెరుకు ట్రాలీ ఆగింది కాకా."

"ఏది?"

కారు ఆగి ఉంది. ఇంజను నడుస్తోంది.

నాగేందర్ హారను కొట్టకుండా, దీపాలు ఆర్పి వెలిగించకుండా, స్టీరింగు కొంచెం కుడికి తిప్పి నెమ్మదిగా పోనిచ్చాడు. అప్పుడు నా కిటికీ పక్కన చెరుకు గడలు వచ్చాయి. చెయ్యి బయట పెడితే తగిలేంత దగ్గర. లారీ అంత ట్రాలీ. చాలాసేపు పోతూనే ఉంది.

వెనక నుంచి లింబయ్య చెయ్యి నా భుజం మీద పడింది. తీసేయలేదు. దాని మీద నా చెయ్యి కూడా వేయలేదు.